ఫెలిం కూర్చున్న చెమటగూడు

లీట్రిం కొండల్లో చలికి తేగ్ మోకాళ్లు బిగుసుకుపోయి, మంచం దిగి నెల దాటింది. ఒళ్లంతా చెమట పట్టించి నొప్పులు తీసే చెమటగూడు వాగు పక్కనుంది, రేపు అతన్ని అక్కడికి మోసుకెళ్లాలి. ఆ రాతిగూట్లో నిప్పేసి కాచే ముసలాయన ఈమధ్యే పోయాడు. ఎక్కువ కాస్తే మనిషి మిగలడు, తక్కువ కాస్తే మోకాలు కదలదు. ఎవరిని నమ్మాలా అని తేగ్ భార్య హనోరాకి ఒకటే దిగులు. ఆ పని తనకిమ్మని వచ్చి, ఆమె పొయ్యి పక్కనే బాసింపట్టు వేసుకుని, ఆమె ఉడికించిన బంగాళాదుంపలే మింగుతూ కోతలు మొదలుపెట్టాడు ఫెలిం. వాణ్ణి చూస్తేనే ఆమెకి ఒళ్లు మంట.

"నడుం పట్టేసి ఒకసారి నేనూ వెళ్లా పిన్నీ. ఓ గంట కూర్చున్నా, నొప్పి పోయింది, అంతే."

"అంతేనా?" అంది హనోరా. అంతటితో ఆగితే వాడు ఫెలిం ఎందుకవుతాడు?

"గంటంటే గంట కాదులే, రెండ్రోజులు కూర్చున్నా, చెమట తలుపు కిందనుంచి కాలవ కట్టి వాగులో పడింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాగు పొంగి, నీళ్లు లేక ఆగిన పిండిమర గిర్రున తిరిగింది, చేపలు ఉడికి తేలాయి, ఊరంతా వేరే ఉప్పేసుకోకుండా తిన్నారు."

"మేం తిన్లేదే," అన్నాడు మంచంమీంచి తేగ్.

"నువ్వు సంతకెళ్లావులే బాబాయ్. ఇంకా విను, ఫాదరుగారి ముసలి గుర్రం, కుంటిది, పళ్లు కూడా లేవు, నా వెనకే గూట్లో దూరింది, బయటికొచ్చేసరికి ఏమైందో తెలుసా? పిల్లయిపోయి తల్లికోసం సకిలిస్తోంది."

మనిషే పాక్కుంటూ దూరాల్సిన గూట్లోకి గుర్రం దూరిందట. హనోరా పళ్లు కొరుక్కుంది.

"సరే, లోపల నీ కింద ఏం పరిచార్రా?"

"పరవడమేంటి పిన్నీ? నిప్పు కణకణలాడుతుంటే దాని పక్కనే కూర్చున్నా."

ఆమె దుంపల గిన్నె వాడి ముందునుంచి లాగేసింది. "రోజంతా మండించి, నిప్పూ బూడిదా బయటికి లాగేసి, పచ్చి తుంగ పరిచాకే ఎవరైనా లోపలికెళ్లేది. మా అత్తని నేనే కూర్చోబెట్టా. నువ్వా గుమ్మం కూడా చూళ్లేదు. నీ చేతికిస్తే మా ఆయన్ని దుంపలా కాలుస్తావు. రేపు గూడు నేనే కాస్తా, నువ్వు ఆ ఛాయలకి రాకు."

"రానీవే," అన్నాడు తేగ్ నింపాదిగా. "నిప్పు లాగకముందే వీణ్ణి లోపలికి తోసి తలుపు మూసెయ్. ప్రాణాలతో బయటికొస్తే అప్పుడు నేనెళ్తా."

ఫెలిం లేచి టోపీ వెతుక్కున్నాడు. ఇంట్లో ఆవు ఈనేలా ఉంది, వెళ్లాలన్నాడు.

"ఏ ఆవురా?" అంది హనోరా. "నీకున్నది ఒక్క మేకపోతేగా."