ఎన్నాళ్ల నుంచి అని అడిగిన మాస్టారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూలై ఎనిమిదో తేదీన, చేతిలో నియామక పత్రంతో, చంకలో గొడుగుతో మన బోధకుల శిక్షణ కళాశాల మెట్లెక్కిన సువార్తల అధ్యాపకులు, విద్యార్థులు ప్రేమగా ‘సందేహం మాస్టారు’ అని పిలుచుకునే పెద్దాయన, ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. వారి సిద్ధాంతమేమిటో నాలుగు ముక్కల్లో రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం కళాశాల గ్రంథపాలకుణ్ణి కోరింది. పదిహేను రోజులుగా అతడు కాగితాలు నింపడం, చింపడం తప్ప మరో పని చేయలేదు.

చేరిన కొత్తలోనే వారికి ప్రభువు దయ్యాలను వెళ్లగొట్టిన వృత్తాంతాల వ్యాఖ్యానం అప్పగించారు. నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడిపోయే కొడుకును తండ్రి తీసుకొచ్చిన కథ మీద తొలి ఏడాది పరీక్షలో ప్రశ్న ఇచ్చారు. సగం మంది అది ముమ్మాటికీ దయ్యమేనని, తక్కినవారు ఆనాటివారు జబ్బునే అలా పిలిచారని పేజీలకు పేజీలు రాశారు. మాస్టారు అందరికీ సగం మార్కులే వేశారు. ప్రిన్సిపాలుగారు పిలిపించారు.

“ఇద్దరిలో ఎవరో ఒకరిది రైటవ్వాలి కదండీ?”

“అవ్వాలండీ. ఎవరిదో నాకే తెలీదు. కానీ ఆ పిల్లాడు ఎంత అవస్థ పడ్డాడో ఒక్కడూ రాయలేదు. అందుకే సగం కోసేశాను.”



రెండువేల నాలుగులో శాఖాధిపతులై, రెండు ఉపన్యాస సంపుటాలు వెలువరించారు. మొదటిదానిలో దురాత్మలను కొట్టిపారేయలేమన్నారు. రెండవదానిలో రోగి చేత మందు మాన్పించే బోధకుడు పాపం మూటగట్టుకుంటాడన్నారు. ఆ రెంటినీ ఒకే అరలో పెట్టవచ్చో లేదో గ్రంథపాలకుడికి నేటికీ బోధపడలేదు.

తొమ్మిదేళ్ల క్రితం అతడి కూతురు, అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల, గ్రంథాలయంలోనే బీరువాల మధ్య పడి గిలగిల కొట్టుకుంది. అత్తగారు దయ్యమన్నారు. బావమరిది జబ్బన్నాడు. అతడు మాస్టారి గదికి పరుగెత్తాడు.

“మీ పాఠాలు పక్కన పెట్టండి మాస్టారూ! నా కూతురికి పట్టింది దయ్యమా, జబ్బా?”

“తెలీదండీ.”

“మీకే తెలీకపోతే ఇంకెవర్ని అడిగి చావను?”

“ఆ కథలో ప్రభువు ఆ తండ్రిని ఏమడిగారు? ఎన్నాళ్ల నుంచి ఇలా అవుతోంది అన్నారు. మనమూ అక్కణ్ణించే మొదలెడదాం. చెప్పులేసుకోండి.”

ఆసుపత్రిలో డాక్టరమ్మ తలెత్తకుండా అడిగిన మొదటి మాట, “ఎన్నాళ్ల నుంచి ఇలా అవుతోంది?” మాస్టారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, కళ్లు తెరుస్తూనే, “మాత్ర రోజూ పొద్దున్నే వెయ్యాలిట. మీరసలే మతిమరుపు మనిషి. పుస్తకాలకి కొట్టే తేదీ ముద్ర ఉందిగా, మాత్ర వేసిన రోజల్లా దాన్నో చీటీ మీద కొట్టండి” అన్నారు. నాటి నుంచి ప్రతి ఉదయం తొమ్మిదింటికి వచ్చి, ఆ చీటీ చూశాకే వార్తాపత్రిక విప్పేవారు.

ఎనిమిదేళ్లు పిల్ల పడలేదు. నిరుడు మళ్లీ పడింది. మొన్న గురువారం గ్రంథపాలకుడు ఉండబట్టలేక మాస్టార్ని అడిగేశాడు.

“వెళ్లిపోతున్నారు. ఇప్పుడైనా చెప్పండి. ఇన్నేళ్లూ కాచింది ప్రార్థనా, మాత్రా?”

“తెలిస్తే మీ దగ్గర దాస్తానటండీ?” అని మాస్టారు చీటీ అందుకున్నారు. “ఇవాళ్టి ముద్రేదీ?”

లేదు. ఈ వ్యాసం ధ్యాసలో పడి కన్నతండ్రే మరిచిపోయాడు. పరుగున ఇంటికి వెళ్లి గుర్తుచేస్తే, పరీక్ష హడావుడిలో తానూ మరిచిపోయిన అమ్మాయి “అయ్యో” అంటూ మాత్ర వేసుకుంది.

కనుక సిద్ధాంతం సంగతి గ్రంథపాలకుడికి తెలియదు. సంపాదకులు మన్నింతురు గాక. మాస్టారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సమేతంగా పది కాలాలపాటు చల్లగా ఉండాలి. సోమవారం నుంచి వారికి కళాశాలతో పనిలేదు. అయినా తొమ్మిదింటికి రావాలి. చీటీ బల్ల మీదే ఉంటుంది.