మా బండి కుడిదిక్కు అద్దం

"తాతా, ఇంక షూటింగులకు కారు ఇయ్యనన్నవంట, నిజమేనా?"

ఆఁ, ఇయ్యనన్న. ఎవలు చెప్పిండ్రు, మీ నాయినేనా? ఆయనకైతే సంబురమే. కూసో బిడ్డా, చెప్త. గా ఫ్యాను జర తగ్గించు, నా మాట నాకే ఇనబడ్తలేదు.

నీకెర్కనే గద, మన అంబాసిడర్‌ను కిరాయిలకు తిప్పుడు బందువెట్టి ఏండ్లాయె. ఇప్పుడు పాతకాలం సినిమా తీసేటోళ్లే అడుగుతరు. ఫిల్మ్ నగర్ దాకా నేనే నడుపుకుంట పోత. నా మెడ కుడిదిక్కు తిరగదు, అదీ నీకెర్కనే. మీ నాయిన ఏమన్నడు? "నాయినా, బండికి ఏమన్నయితే అమ్మేస్త, నువ్వు ఇంట్ల కూసోవాలె" అన్నడు. ఇంట్ల కూసొని నేనేం జేయాలె? మెడ తిరగకున్నా కుడిదిక్కు సైడద్దంల అంతా కనబడ్తది నాకు. లోపలి అద్దంల ఏముంది, ఎనక సీటు తప్ప.

మొన్న బుధారం, కాదు కాదు, బేస్తారం నాడు, ఒక బంగ్ల ముంగట షూటింగు. నేను చాయ తాగొచ్చేసరికి లైటు స్టాండు మీద పడి అద్దం పలిగి ఏలాడుతున్నది. ఒక్కడన్న చెప్పిండా, తాతా గిట్లయిందని? చెప్పలె. నేనే పోయి మేనేజరును అడిగితే, "దానికేముంది పెద్దాయనా, ఇంకోటి వేసుకో" అన్నడు. గదొక్క మాట. కోపమొస్తదా రాదా, నువ్వే చెప్పు.

షూటింగు ఇంక మిగిలిందంటె బండి గా బంగ్లల్నే పెట్టిన. శుక్రారం షూటింగు లేదు. పలిగిన అద్దం ఇప్పి సంచిల ఏసుకొని పాత సామాన్ల బజారుకు పోయిన. ఆ బండ్లే తయారైతలెవ్వు, అద్దాలు యాడికెల్లి వస్తయ్? దుకాన్ దుకాన్ తిరిగిన, మోకాళ్లు గుంజినయ్. ఆఖరికి ఒక ముసలి సాయిబు అటక మీదికెల్లి ఒకటి దించిండు. గాయన చెప్పిన ధరకు మా దినాలల్ల టైరే వచ్చేది. మీ నాయనమ్మ ఉంటే అనేది, పెండ్లాం కంటె బండి మీదనే మోజు నీకని. సరే, గది ఇడిసిపెట్టు. పాతది ఇస్తే జర తగ్గిస్త అన్నడు సాయిబు. ఆళ్ల రివాజు గంతే, అద్దం పలిగినా చట్రం పనికొస్తదని తీసుకుంటరు. ఇచ్చేసిన. గాడనే దెబ్బ తిన్న.

శనివారం పొద్దుగాల పోయి నేనే స్క్రూలు బిగించిన, తడిగుడ్డతోటి తుడిసిన. అద్దంల ఎనక గేటు, గేటుకాడి వాచ్‌మెన్, అంతా సాఫ్‌గ కనబడ్డది. పానం నిమ్మలమయింది.

అంతల ఒక పిల్ల ఉరికొచ్చింది. అసిస్టెంట్ డైరెక్టరంట. మొన్నటి షాట్‌ల ఏది ఎట్లుంటే ఇయ్యాల అట్లనే ఉందా అని ఫోన్ల ఫోటోలు పెట్టుకొని చూసుడు దాని కొలువు. "అయ్యో తాతగారూ, అద్దం ఎవరు మార్చమన్నారండీ? మొన్న సగం సీను విరిగిన అద్దంతోనే తీసేశామండీ. పాతది ఎక్కడుంది?" అన్నది. బజార్ల ఇచ్చిన అన్న. పిల్ల మొకం తెల్లవోయింది.

పోనీ ఇది ఇప్పుత, అద్దం లేకుంటనే సీను తీసుకోండ్రి అన్న. వద్దంట, ఏలాడాల్నంట. మేనేజరొచ్చి, "నువ్వు టిఫిన్ చేసి రా పెద్దాయనా, మేము చూసుకుంటం" అన్నడు. నమ్మి పోయిన. ఉప్మా తినొచ్చేసరికి సుత్తెతోటి కొట్టి, మొన్నటి తీరుగనే ఏలాడదీసిండ్రు. ఆ పిల్ల ఫోటో పక్కన పెట్టి, ఇంకా జర కిందికి వంచుండ్రి అంటున్నది. నా బండి బిడ్డా, అది. నన్ను అడిగిండ్రా? పైసలిస్తం గద అంటడు మేనేజరు. నేను పైసలకోసం లొల్లి పెట్టిన్నా?

సాయంత్రం ప్యాకప్ అన్నరు. బండి తీసుకపో, ఈడ ఇంక జాగ లేదన్నరు. అద్దం లేకుంట కుడిదిక్కు నాకేం కనబడ్తది? ఆ పిల్లను పిలిచిన. "నా ఎనక సీట్ల కూసో. అద్దం పలగగొట్టింది మీరే గద, ఇంటిదాకా ఎనక నువ్వే చూడు" అన్న. మేనేజరు నవ్విండు. పిల్ల నవ్వలె. ఫోను సంచిల ఏసి ఎక్కింది.

కిటికీలకెల్లి తలకాయ బయటవెట్టి, "ఆటో వస్తోందండీ, ఆగండి, బైకు, ఇంకో బైకు, ఇప్పుడు పోనివ్వండి" అనుకుంట చెప్పింది. షేక్‌పేట ఫ్లైఓవర్ కింద లారీ మీదికొచ్చింది. తలకాయ లోపలికి గుంజుకొని, "ఎడమకి తాతగారూ, ఎడమకి" అని ఒర్రింది. స్టీరింగు ఎడమకు కొట్టిన. ఎంటికవాసిల తప్పింది.

మన గల్లీల దిగి నా దిక్కు తిరిగింది. "తాతగారూ, సుత్తి తెప్పించింది నేనేనండీ" అన్నది. పొద్దటికెల్లి ఎన్ని తిట్లు జమ చేసుకున్ననో, అన్నీ పక్కకువెట్టిన. లోపటికి తీసుకొచ్చి మంచినీళ్లిచ్చిన. గా మేనేజరైతే ఇప్పటిదాకా ఫోన్ గూడ చెయ్యలె. అందుకే ఇయ్యనన్న, ఇయ్య.

మీ నాయిన అద్దం చూసిండు. సోమారం బండి కొనే బేరగాన్ని తోలుకొస్తడట. ఆదివారమే ఆ పిల్ల వస్తనన్నది, ఇంకో అద్దం తెచ్చేటందుకు ఎనక సీట్ల కూసొని బజారుదాకా చూస్తదట. నువ్వు సల్లగుండు బిడ్డా, పెద్ద కొలువు చెయ్యి. ఎవల సామాను ముట్టినా అడిగి ముట్టు, గంతే. ముంగట సీటు ఖాళీనే ఉంటది, వస్తవా? మీ నాయినకు మాత్రం...