ఇంజనుకు శ్రుతి అందించిన బాబాయ్

"ఎవరూ ముట్టుకోకండి, నేనొచ్చేశాను!" అంటూ పెద్ద పానా ఊపుకుంటూ టీ కొట్టు దగ్గరికొచ్చాడు పంపుల బాబాయ్. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపులు నడిపి రిటైరయ్యాడు, అందుకే ఆ పేరు.

కొట్టు ముందు స్కూలు వ్యాను ఆన్‌లోనే ఉంది, చలిజ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఇందాకే బ్యాటరీ మార్పించింది వ్యాను నడిపే అక్క. బడి వదిలే వేళకి గేటు ముందుండాలి. దారిలో బండి ఆగిపోతే చంటిపిల్లలు రోడ్డు మీద నిలబడాలి.

బాబాయ్ బానెట్ వైపు నడిచాడు. అక్క అడ్డం వచ్చి టీ చేతికిచ్చింది. "ముందు కూర్చో బాబాయ్. మీ బావమరిది కారు బాగుచేశావట కదా, అది చెప్పు."

పానా బల్ల మీద పడింది.

"అదేం పెద్ద పని కాదమ్మా. వాడు బ్యాటరీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. తెల్లారి స్టార్ట్ చేస్తే ఇదే వణుకు. మెకానిక్కులందరూ చేతులెత్తేశారు. నేను బానెట్ మీద చెవి పెట్టాను, అంతే, తెలిసిపోయింది! బ్యాటరీ తీస్తే బండికి మతి పోతుంది. ఎంత గాలి పీల్చాలో రోజూ నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఊపిరి తీసుకోవడమే మర్చిపోయిన ప్రాణి వణకదా మరి?"

"వణుకుతుంది," అన్నాడు పక్క కొట్టు టైలర్, సూదిలో దారం ఎక్కిస్తూ.

"గుర్తుచెయ్యడం ఎలా? నోటితో! దాని పాత శబ్దం నాకు కంఠతా వచ్చు. 'డుర్‌ర్‌ర్' అని శ్రుతి అందించాను. రెండుసార్లు దగ్గి, నా వెంటే అందుకుంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతు కాస్త పెద్దది కదా, పక్కింటి మిక్సీ స్విచ్ వెయ్యకుండానే అందుకుంది, వీధి చివర పిండిమర అందుకుంది, ఎగుడుదిగుడుగా ఉండే మా అత్తగారి గురక కూడా సాఫీ అయిపోయింది. ఇప్పటికీ మా మామగారు పొద్దున్నే నాకు దణ్ణం పెడతారు."

"ఆయన పోయి చాలా కాలమైందిగా?" అంది అక్క.

"ఫొటోలోంచే పెడతారు. విను! ఇంతలో పైన విమానం, ఒక ఇంజను దగ్గుతోంది. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. విమానం ఆకాశంలో అక్కడే ఆగిపోయింది!"

"ఆగితే పడిపోదా బాబాయ్?"

"పాట మధ్యలో పడతారా ఎవరైనా? మర్యాద తెలిసిన విమానం. పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టి 'గురువుగారూ, ఇంకొక్కసారి' అన్నాడు. ఇంకొక్కసారి పాడేసరికి భూమి తిరగడమే కుదుటపడింది. అంతకుముందు మీకు కళ్ళు తిరిగేవా, ఇప్పుడు తిరుగుతున్నాయా?"

"ఇప్పుడే మొదలయ్యాయి," అన్నాడు టైలర్.

బాబాయ్ గ్లాసు దించి పానా అందుకున్నాడు. అంతలోనే ఆగిపోయాడు. వ్యాను వణకడం లేదు. మెత్తగా, ఒకే తీరున మోగుతోంది.

"చూశారా! కథ వినే కుదుటపడింది!"

అక్క వ్యానెక్కి కూర్చుంది. "ఏసీ వెయ్యకుండా, ఎక్సలేటర్ తొక్కకుండా, వేడెక్కేదాకా వదిలేస్తే అదే నేర్చుకుంటుందని బ్యాటరీ షాపాయన చెప్పాడు బాబాయ్. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నాడు. చూస్తే నువ్వు పానాతో వస్తున్నావ్. నీ చేతులు ఆపాలంటే నీ నోరు తెరిపించడం తప్ప నాకు వేరే దారేముంది?"

టైలర్ సూది కింద పడేసుకున్నాడు నవ్వు ఆపుకోలేక.

"అయితే కథ నచ్చలేదా?" బాబాయ్ గొంతు చిన్నబోయింది.

"భలేవాడివే! రేపు మా అన్నయ్య లారీకి బ్యాటరీ మారుస్తున్నాం. దాని ఇంజను పెద్దది, ఇంకాస్త పొడుగు కథ పట్టుకురా."