తలుపు మూశాకే జీతం

తైపేలో వేతన చర్చల విరామం. కంపెనీ అధికారి క్వో, ఇరవై ఏళ్లుగా ఎయిర్‌హోస్టెస్‌గా ఉన్న షుఫెన్ టీ బల్ల దగ్గర ఎదురుపడ్డారు.

"విమానం తలుపు మూశాకే మీ పని మొదలవుతుంది షుఫెన్ గారూ. జీతమూ అప్పట్నుంచే."

"అంతకుముందు చేసేది కాలక్షేపమా సార్?"

"నవ్వుతూ లోపలికి రమ్మనడమేగా!"

"నిజమే. మొన్న ఒసాకా విమానం ఎక్కుతూనే ఓ పెద్దాయన కుప్పకూలారు. పావుగంట ఛాతీ నొక్కి బతికించాను. తలుపు తెరిచే ఉంది కదా, సరదాకి నొక్కానన్నమాట."

క్వో టీకప్పు కింద పెట్టాడు.

"ఆ మాట మధ్యవర్తి ముందు ఎత్తకండి."

"అబ్బే, నేనెందుకు ఎత్తుతాను సార్? ఆ పెద్దాయనే వచ్చి లోపల మధ్యవర్తి పక్కన కూర్చున్నారు. మీకు పైనాపిల్ కేకులు కూడా తెచ్చారు."