యాటకూర గంజు

నందికొండ డ్యాం కూలీలకు యాటకూర వండి అమ్మే ఆలుమగలు వాళ్ళు. గంజులో గరిటె తిప్పుతున్న ఆమెకు అనుమానమొచ్చింది.

"గుట్టమీద మేసిన మన యాటల మాంసం గింత నల్లగుండదు. ఎక్కడిది?"

"మన మందలదే. పొద్దున కోసిన."

"బతికుండంగ కోసినవా, చచ్చినంక కోసినవా?"

"కూలీలు వస్తాండ్రు, గంజు దించు."

"అడిగినదానికి చెప్పు."

"రోగమొచ్చి పడిపోయింది. మసాల ఎక్కువెయ్యి, ఎవలకు తెల్వది. పారబోస్తే మనకు పూటెట్ల గడుస్తది?"

ఆమె గిన్నెనిండా కూర పోసి మొగుడి ముందు పెట్టింది.

"అయితే ముందుగాల నువ్వు తిను."

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఆ గంజునెత్తి గుంతలో కుమ్మరించి, బయట నిలబడ్డ కూలీల దగ్గరికి పోయింది.

"ఇయ్యాల కూర లేదన్నా. పప్పు వండుత, జర ఆగుండ్రి."