మహామాయమ్మకి వెండి కళ్ళు

ఏటమ్మా, అలగ సూస్తావు గాని ఒక్క మాట కాదనవేటి? అంత పెద్ద నేరం నీ నెత్తిన రుద్దీసి, షెడ్డు షెడ్డంతా సెప్పుకొస్తన్నాడు మా మావ. ‘రతన్‌పూర్ అమ్మోరు నా కళ్ళు తీసీసింది’ అని! నానైతే ఊరుకుందునా? పక్క కోటరు ఆడది నాను బొగ్గు దొంగతనం సేసినానంటేనే జుట్టట్టుకున్నదాన్ని. నువ్వేటి, ముఖం నిండా సింధూరం పూసుకొని సల్లగా కూకున్నావు!

అచ్ఛా, అసలు నీకు తెలుగొస్తాదో రాదో. ఇక్కడోళ్ళ అమ్మోరివి, ఇక్కడోళ్ళ మాటే ఇంటావేమో. రాకపోతే మరీ మంచిది. పూజారయ్యకీ రాదు, నీళ్ళు తేడానికి ఎల్లినాడు. మావ అదిగో, మెట్ల కాడ స్తంభానికి ఆనుకొని కూకున్నాడు. కళ్ళకి గుడ్డ కట్టుంది గాని, సెవులు మాత్రం పాము సెవులు. అందుకే సిన్నగా సెప్తన్నాను. కొంచెం ఇటొంగు తల్లీ.

నా పేరు చిన్నమ్మి. మాది ఇజీనారం అవతల పల్లె. బిలాస్‌పూర్ ఇంజను షెడ్డులో మావ ఖలాసీ. ఇంజను కింద గోతిలోకి దిగి, మండిన బొగ్గు బూడిద కిందకి లాగే పని. మొక్కు మొక్కినోళ్ళ పేరు నీకు సెప్పాలంట గదా? మొగుడి పేరు నోటితో అనకూడదని మాయమ్మ సెప్పింది. మరి సెప్పకపోతే ఎవలి కళ్ళో నీకెలగ తెలుస్తాది?

పైడిరాజు.

సెప్పీసాను. పెళ్ళయిన కాడినుంచి ఇదే మొదలు.

ఇవిగో నీ వెండి కళ్ళు. నా కాలి కడియాలు కరిగించి సేయించినాడు. ‘కళ్ళు తీసిన తల్లికి కళ్ళే ఇచ్చుకోవాల’ అన్నాడు. దయాల్‌బంద్ కంసాలికి సెయ్యి తిరగనేదు, ఒకటి బాదం కాయలా వొచ్చింది, ఒకటి సింత గింజలా వొచ్చింది. మావ రెండిటినీ ఏలితో తడిమి, ‘సక్కగా కుదిరినాయి గదే’ అన్నాడు. నాను ఊఁ అన్నాను. ఈ మద్దిన నాను ఊఁ కొట్టడం బాగా నేర్సుకున్నాను.

నీకెందుకు కోపమొచ్చిందంట, ఇంటావా? షెడ్డులో పని దొరికితే మేకపోతునిస్తానని నీకు మొక్కినాడంట. ఇవ్వనేదంట. పైగా నీతో ఒక మాటైనా సెప్పకుండా సముద్రం దాటడానికి పేరిచ్చీసినాడంట. బైగాని పిలిస్తే ఆ మంత్రగాడు కూడా ఏపమండ ఊపి అదే సెప్పినాడు. ‘మహామాయమ్మ కోపం’ అని. ఒక మేకపోతు కోసరం మనిషి కళ్ళు తీస్తావేటి నువ్వు? నాకే అన్నాయంగా అనిపించింది. అనిపించినా నోరిప్పనేదు, సూసినావా!

ఆ పేరిచ్చిన డిపో సంగతి సెప్తాను, కూలీలని ఓడెక్కించడానికి పోగేసే సోటు. మా రైలూరికి ఒక దళారి వొచ్చినాడు. తెల్లటి తలపాగా, తేనె లాటి మాట. ‘సముద్రం అవతల టాపు ఉంది, సుట్టూ నీళ్ళే, మజ్జన సెరుకు తోటలు. ఐదేళ్ళకి గిరిమిట్టు ఒప్పంద కాయితం రాసిచ్చి పని సేస్తే, ఆ తరవాత నీకో సెక్క భూమి’ అన్నాడు. మా మావకి భూమి అన్న మాట ఇనపడితే ఇంక మనిషి కాడు. అయ్య కాలంలో పోయిన పొలం గట్టు మీద ఇప్పటికీ కలలో నడుస్తాడు. గోతిలో బూడిద లాగే మనిషికి పచ్చటి సేను సూపిస్తే ఆగుతాడేటి!

నన్ను కూడా తీసుకురమ్మన్నాడు దళారి. ఆడోళ్ళు కూడా కావాలంట ఆళ్ళకి. మావే వొద్దన్నాడు. ‘ఓడలో నువ్వు బతకవు. నువ్వూ నూకరాజూ ఇక్కడే ఉండండి. మేస్త్రీకి సెప్పి ఆణ్ణి నా పన్లో పెట్టి ఎల్తాను’ అన్నాడు. నూకరాజంటే మా మరిది. నాను కాపరానికొచ్చినప్పటికి ఆడు మొల్తాడు తప్ప ఏటీ నేని గుంటడు. అత్త అప్పటికే నేదు. నా సేతి ముద్ద తిని ఎదిగినాడు. నా కడుపు పండనేదు తల్లీ, ఆడే నాకు కొడుకు.

ఐదేళ్ళు! నువ్వు రాతిదానివి, నీకు ఐదేళ్ళంటే ఏటిలే. టాపుకి ఎల్లినోడు ఒక్కడు తిరిగొచ్చినట్టు నువ్వు సూసినావా? నాను సూడనేదు. ఏడిసినాను. అన్నం మానీసినాను. కాళ్ళట్టుకున్నాను. ‘ఆడదాని ఏడుపు, ఆషాఢం వాన’ అని నవ్వీసినాడు.

డిపోలో బట్టలుతికే అసిరమ్మ ఒకరోజు కబుర్లు సెప్తూ సెప్తూ అంది గదా, అక్కడ డాక్టరు దొర ముందు గుండె మీద కొట్టి సూస్తాడంట, అరసేతులు తిప్పి కాయలు కాసినాయా నేదా అని నొక్కుతాడంట, ఆ తరవాత కంటి రెప్ప తిరగేస్తాడంట. ఎర్ర కన్నైతే ఓడలో అందరికీ అంటుకుంటాదని ఇంటికి పొమ్మంటాడంట. ఊరికే సెప్పింది పాపం. దాని మనసులో ఏటీ నేదు.

ఎర్ర కన్ను. అంతే గదా అనుకున్నాను నాను.

ఇంక ఇది సెప్పాలి. ఇటు సూడకమ్మా, ఆ దీపం కేసి సూడు.

షెడ్డోళ్ళ ఇళ్ళలో మాకొక అలవాటుంది. డూటీ దిగొచ్చేసరికి మగోళ్ళ కళ్ళ నిండా బూడిద నలకలే. ఎర్రగా, గరగరలాడతా ఉంటాయి. అప్పుడు ఆడోళ్ళం తల ఒళ్ళో ఎట్టుకొని కంట్లో ఆముదం సుక్క ఏస్తాం. నలకలన్నీ మూలకి కొట్టుకొస్తాయి, కొంగుతో తీసీస్తాం. మాకు అదే సరసం, అదే కబుర్లు సెప్పుకునే ఏళ. ఆయనకి ఆకలేసినా సరే, ముందు నా ఒళ్ళో తల పెట్టాకే అన్నం.

డాక్టరు కాడికి ఎల్లే ముందు సాయంత్రం రైలు కట్ట మీద జిల్లేడు కొమ్మ ఇరిసినాను. పాలు కారినాయి. ఆముదంలో కలిపినాను. ఒక పూట ఎర్రబడితే సాలు, మర్నాటికి తగ్గిపోతాది అనుకున్నాను. ఒట్టు, అంతే అనుకున్నాను!

రెప్పలిప్పమని నాను అడగనేదు తల్లీ. తనే ఇప్పినాడు. నా ముఖం కేసి సూసి, ‘రేపటి నుంచి ఈ సుక్కలెవలేస్తారే నాకు’ అని నవ్వి, రెండు కళ్ళూ ఇప్పినాడు.

ఏసీసినాను.

మంట మంట అని గిలగిల్లాడతంటే, ‘ఇవాళ నలక పెద్దది మావా, ఓర్సుకో’ అన్నాను. నా నోరే అంది ఆ మాట.

పొద్దున్నకి రెండు కళ్ళూ టమాటాలే. అలగే ఎల్లినాడు డిపోకి, నా భుజమ్మీద సెయ్యేసుకొని. డాక్టరు దొర రెప్ప తిప్పినాడు, ముఖం అటు తిప్పుకున్నాడు, పక్కనున్న గుమస్తా మున్షీ ‘ఆంఖ్ ఖరాబ్, ఘర్ జావ్’ అన్నాడు, కళ్ళు పాడైనాయి ఇంటికి పో అని. ఆయన మూట నాను నెత్తినెట్టుకొని ముందు నడిసినాను. నా ముఖం కనపడకూడదని ముందు నడిసినాను. ఎందుకంటే నవ్వొస్తంది నాకు. ఆ పూట సేపలు తెచ్చి పులుసు పెట్టినానమ్మా! పండగలా తిన్నాను. మావ తిననేదు, నాను రెండోసారి ఏసుకొని మరీ తిన్నాను. ఇప్పుడు సేపల గంప ఈదిలోకొస్తే తలుపేసీస్తన్నాను.

ఎరుపు తగ్గనేదు. నాను పాలున్న పొరుగింటిదాన్ని బతిమాలి సంటిపాలు పోయించినాను, నందివర్ధనం పూల రసం పిండినాను, ఆవు నెయ్యి రాసినాను. ఊఁహూఁ. కంట్లో పువ్వేసింది. ఎడం కన్ను నిండా తెల్లగా. కుడి కంట్లో ఎలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. గోతిలోకి దిగబోయి పడ్డాడు ఒకరోజు. గుడ్డోడికి ఇంజను కింద ఏటి పని అన్నాడు ఫోర్‌మన్ దొర. తప్పేటుంది ఆయన మాటలో? పని పోయింది. పని పోతే కోటరూ పోతాది గదా.

అప్పుడు నూకరాజు అన్నాడు, ‘అన్నయ్య పేరు ఒగ్గీసినారు గదా, నా పేరిస్తాను’ అని.

వొద్దురా అన్నాను. నీకు షెడ్డులో పని సూపిస్తారురా అన్నాను. ‘అన్నయ్యే నేకపోతే మేస్త్రీ నాకెందుకు సూపిస్తాడు వదినా’ అన్నాడు. ఆ గుంటడికున్న తెలివి నాకు నేకపోయింది!

నానూ ఎల్లినాను ఎంట. డాక్టరు దొర ఆడి గుండె మీద తట్టితే సక్కిలిగింతలని కిసకిస నవ్వినాడు. దొర కూడా నవ్వీసినాడు. అరసేతులు సూసినాడు. రెప్పలు తిప్పినాడు. నాను సూసినాను తల్లీ, దూరం నుంచే సూసినాను, ఒక్క ఎర్ర జీర నేదు. నాను సాకిన కళ్ళు గదా, ఎందుకుంటాది! పాసు.

ఆ తరవాత కచేరీలో ఆఫీసరు ముందు నిలబెట్టినారు. నీ పేరేటి, ఎక్కడికెల్తన్నావో తెలుసా, ఎన్నేళ్ళో తెలుసా అని అడిగినాడు. అన్నీ సక్కగా సెప్పినాడు, దళారి నేర్పినట్టు. ఆఖర్న అడిగినాడు, ‘నీ అంతట నువ్వే ఎల్తన్నావా? నిన్నెవలైనా మోసం సేసి పంపుతన్నారా? బయపడకుండా సెప్పు’ అని.

నాను గుమ్మం కాడే ఉన్నాను. నాలుగు అడుగులేసి, ‘నాను, బాబూ, నానే పంపుతన్నాను’ అంటే అయిపోను. అడగడానికి కూకున్న మనిషి అడిగినాడు. నాకు నోరుంది. ఈ రైలూళ్ళో నా నోటికి బయపడనోళ్ళు నేరు. ఆ ఒక్క మాటకి మాత్రం పెగల్నేదు.

‘ఎవలూ నేరు హుజూర్, నా ఇష్టంతోనే’ అన్నాడు మా నూకరాజు. ఏలిముద్ర ఏయించినారు. మెళ్ళో రేకు బిళ్ళ కట్టినారు.

కలకత్తా బండి ఎక్కే ముందు నా కాళ్ళకి దండం పెట్టినాడు. ఏటన్నాడో తెలుసా? ఇను, ఇని నువ్వే సెప్పు, ఇలాటి మాట ఇని ఏ ఆడదైనా నిలబడగలదా? ‘వదినా, అన్నయ్య కంట్లో ఆముదం సుక్క మానకే. నీ సేతి సుక్కకే ఎప్పుడైనా నయమవతాది’ అన్నాడు.

బండి ఎల్లిపోయింది.

ఇప్పుడు మావ రోజూ సాయంత్రం నా ఒళ్ళో తల పెడతాడు. నాను ఏస్తాను, ఉత్తి ఆముదమే. ఏసిన ప్రతిసారీ ఆయన కళ్ళు ఇప్పుతాడు సూడు, ఒక్క క్షణం ఆగడు, అనుమానపడడు. నన్ను కొడితే బాగుణ్ణు. తిడితే బాగుణ్ణు. ‘అమ్మోరికి నా మీద కోపం తగ్గితే నూకరాజుని ఎనక్కి పిలిపించి, వొచ్చే ఏడు నానే ఎల్తాను’ అంటాడు.

ఇన్నావా ఆ మాట? వొచ్చే ఏడు నానే ఎల్తాను అంటాడు. దళారి ఇంకా వొస్తానే ఉన్నాడు. కళ్ళు బాగైతే కబురెట్టమన్నాడు.

అందుకే వొచ్చినాను, కొత్తగా ఎందుకు దాయాలి. నిజం ఆయనకి సెప్పమంటావేమో. సెప్పలేను తల్లీ. సెప్తే నన్ను ఒగ్గీయడు, అదే నా బయం. ‘పోనీలే’ అంటాడు. ఆ మాట ఇని నాను బతకలేను. నీకేటి, ఎంతమంది ఎన్ని మోపినారో నీ మీద. మశూచి నువ్వే, కరువు నువ్వే, గొడ్డు సచ్చినా నువ్వే. అందులో ఇదొకటి మోద్దూ. నాను మొయ్యలేకపోతన్నాను.

ఇంక కళ్ళ మాట. వెండి కళ్ళు తెచ్చినాను గాబట్టి అడగాల. సూపు ఇయ్యి తల్లీ. తోవలో రాయి కనపడేంత ఇయ్యి. కంచంలో మెతుకు కనపడేంత ఇయ్యి. నూకరాజు తిరిగొస్తే, ఆడికి మీసాలొచ్చినాయని తెలిసేంత ఇయ్యి.

అంతే సాలు. డాక్టరు దొర రెప్ప తిప్పి సూస్తే, ‘ఘర్ జావ్’ అనేంత పువ్వు మాత్రం ఉంచు.

ఆఁ, ఇంత జరిగాక కూడా. ఇంత జరిగాక కూడా అదే అడుగుతన్నాను. ఏటి సేస్తావో సేసుకో.

వొస్తన్నాను మావా! దండమెట్టుకుంటన్నాను!

పిలుస్తన్నాడమ్మా. బయటికెల్లగానే అడుగుతాడు, అమ్మోర్నేటి అడిగావే అని. నీ సూపే అడిగాను మావా అంటాను. అబద్దమైతే కాదు గదా. ఎంత అడిగాను అన్నది ఆయన అడగడు.