బ్రేకు కాలు

కుంభకోణం బస్సు డిపో వెనక వీధి. పొద్దున్నే డ్యూటీకి వెళ్లిన డ్రైవరు కదిరేశన్ గంటలోనే తిరిగొచ్చాడు. అరుగు మీద కూర్చున్న అతని ఎడమకాలికి భార్య సెంబగం కట్టు విప్పుతోంది.

"ఆ ఇళంగోగాడే చెప్పుంటాడు. పదేళ్లుగా నా బండిలో కండక్టరు. నా క్యారేజీలో అన్నం తిన్న నోటితోనే మేనేజరుకి చేరేశాడు, కదిరేశన్‌కి షుగరు ముదిరిందని."

"కాలు కదపకండి."

"మాయవరం రూటు నాది. ఇరవై రెండేళ్లు. ఒక్క కోడిపిల్లని తొక్కించలేదు. అలాంటివాణ్ణి సీట్లోంచి దింపి, పరీక్షలు చేయించుకుని రమ్మంటారా? వాడి సంగతి చూస్తాను."

"అతన్నేం అనకండి. చెప్పింది నేను."

"ఏంటీ?"

"నిన్న సాయంత్రం నేనే డిపోకెళ్లి చెప్పాను."

"నువ్వా? సెంబగం, నువ్వు నా నోటి దగ్గర కూడు..."

"ఈ పుండు చూడండి. ఇంజను మూత వేడికి కాలి, బొబ్బలెక్కి, చర్మం ఊడొచ్చింది. చీము చాపకంటితే నేను చూశాను. మీకు తెలియనే లేదు."

"తెలుసు. మండింది. చెప్పలేదంతే."

"అబద్ధం."

"సరే, కాస్త తిమ్మిరుంది. డిపోలో షుగరున్నవాణ్ణి నేనొక్కణ్ణేనా?"

"వాళ్లు మాత్రలు వేసుకుంటున్నారు. మీరు వేసుకోవట్లేదు. మీ ఖాకీ చొక్కాలు ఉతకబోతే జేబుల్లోంచి విప్పని మాత్రల అట్టలకి అట్టలే రాలాయి."

"వేసుకుంటే ఏమైందో తెలుసా నీకు? తెలుసా? మాత్ర మింగి బండెక్కాను. టిఫినుకి దిగే తీరిక లేదు. ఆడుతురై దాటగానే చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, కళ్లు బైర్లు. బండి నిండా జనం. పక్కకి ఆపి, ఎవరో చంటిపిల్ల తల్లి దగ్గర అరటిపండు అడుక్కుతిన్నాను. ఆ రోజుతో మానేశాను."

"ఆ మాట డాక్టరమ్మకి చెప్పారా? మాత్ర మార్చేది కదా."

"చెబితే సూదిమందు రాస్తుంది. సూదిమందంటే ఇక బండివ్వరు."

"అందుకని నేరేడు గింజల పొడి. స్టాండు స్టాండుకీ టీ, గ్లాసు అడుగున చక్కెర నిలబడాలి, దాని మీద ఓ చెంచా పొడి. ఎవర్ని మోసం చేద్దామని? మావయ్యగారికి ఇదే షుగరుతో కాలు మోకాలి దాకా తీసేసిన రోజు ఆస్పత్రి వరండాలో మీరు గోడకి తల బాదుకున్నారు. మీ రక్తం నేనే తుడిచాను. రేపు నేను బాదుకోవాలా?"

"మా నాన్న మాట ఎత్తకు."

"ఎత్తుతాను."

"ఎత్తకన్నానా. అయినా ఇది ఎడమకాలు. క్లచ్చి కాలు. బ్రేకు కాలికేమైంది? చూడు, గీత కూడా లేదు."

"అయితే కళ్లు మూసుకోండి."

"ఎందుకు?"

"మూసుకోండి. కుడికాలి వేళ్లలో ఒకటి ముట్టుకుంటాను. ఏదో చెప్పండి. చెప్పగలిగితే ఇప్పుడే డిపోకెళ్లి మేనేజరు కాళ్ల మీద పడతాను, నేను చెప్పిందంతా తప్పని."

"చిన్నపిల్లల ఆటలా ఇవి? సరే. మూశాను."

"తెరవకూడదు."

"తెరవలేదు. కానియ్."

"మ్."

"ఎంతసేపు? ముట్టుకో మరి."

"కంగారెందుకు?"

"నాటకాలొద్దు, సెంబగం. ధైర్యం చాలకపోతే చాలలేదను. ముట్టుకోవే."

"కళ్లు తెరవండి."

"ఇదెప్పుడు... ఎప్పుడు పట్టుకున్నావు?"

"మీరు మూసిన దగ్గర్నుంచీ. బొటనవేలు పిడికిట్లో బిగించి మెలిపెడుతున్నాను. నా చెయ్యే నొప్పెడుతోంది."

"వదులు."

"ఇప్పుడు తిట్టండి. ఇళంగోని తిట్టారు, నన్ను తిట్టారు. చెప్పండి. పిడికిలే తెలియని కాలితో బ్రేకు ఎలా తొక్కుతున్నారు?"

"చూసి."

"దేన్ని చూసి?"

"కాలు బ్రేకు మీదుందో లేదో, ప్రతిసారీ కిందికి వంగి చూసి తొక్కుతున్నాను. ఆర్నెల్లుగా."